నల్లి పోయింది, నల్లా పోయింది

మీ ఫోను మిమ్మల్ని అప్పుడప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంటుంది. "కొత్త సవరణలు వచ్చాయి. ఇప్పుడే వేసుకుంటారా, తర్వాతా?" మీరు చదవకుండానే "తర్వాత" మీద వేలు పెట్టి మీ పనిలో పడిపోతారు. అందుకు మిమ్మల్ని తప్పు పట్టను, నాకా అర్హత లేదు. ముప్ఫై ఏళ్ల పైచిలుకు కంప్యూటర్ల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన నేను, నా చేతికొచ్చిన మొట్టమొదటి సవరణకు "ఇప్పుడే" అన్నాను. అదీ ఉదయం పదిన్నర లోపల, రాహుకాలం రాకముందే. ఆ దెబ్బకు మన్సూరాబాద్ చివర ఒక గల్లీ గల్లీకే నల్లా, అంటే మంచినీళ్ల కుళాయి, లేకుండా పోయినంత పనయింది.

ప్రోగ్రాములో దాగిన తప్పును ఇంగ్లీషులో బగ్గు అంటారు, అంటే పురుగు. మా ఆఫీసులో మాత్రం నల్లి అనేవాళ్లం. కుర్చీలో ఉన్నట్టు కనపడదు, కూర్చున్నాక కుడుతుంది, లేచి వెతికితే దొరకదు. ఇంతకంటే సరైన మాట ఏ నిఘంటువులోనూ లేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఎనభైల చివరి సంవత్సరాలవి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక చీరల కొట్టు పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. కంప్యూటర్ కొనుక్కోలేని ఆఫీసుల పని మేం చేసిపెట్టేవాళ్లం. మెషీనుకు ఏసీ ఉండేది, మాకు లేదు. ఎండాకాలంలో ఏదో ఒక అనుమానం వంకన అందరం చెప్పులు విప్పి దాని గదిలోకి వెళ్లి, దేవుడి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని కాసేపు నిలబడి వచ్చేవాళ్లం. మామిడి కాలం వస్తే గడ్డిఅన్నారం మార్కెట్టు వాసన, దాని వెనకే చిన్న చిన్న ఈగలు కిటికీలోంచి వచ్చేవి. కాబట్టి పురుగులు మాకు లోపలా ఉండేవి, బయటా ఉండేవి.

ఈ కథకు కావలసినవాళ్లు మా ఆఫీసులో ఇద్దరే. ఒకరు మా మేనేజరు గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఎరువుల వ్యాపారం చేసి, అది వదిలి ఇందులోకి దిగిన పెద్దమనిషి. కంప్యూటర్ గురించి తనకేమీ తెలియదని నిజాయితీగా ఒప్పుకునేవారు. పంచాంగం గురించి అన్నీ తెలుసని కూడా అంతే నిజాయితీగా ఒప్పుకునేవారు. రెండోది మా ఆపరేటరమ్మ. గడ్డిఅన్నారం పాత ఊరి పట్టేదార్ల ఇంటి ఆడపడుచు. వాళ్ల జొన్నచేలల్లోనే సగం కాలనీలు లేచాయి. కీబోర్డు మీద టకటకా కొడుతూ అనేది: "ఈ ప్లాట్లల్ల సగం మా తాతవే సార్. గా ముచ్చట గీ మెషీనుకు తెల్వది. తెలిస్తే నన్ను చూసి లేచి నిలవడ్తది."

మూడోవాడిని నేను. పుట్టింది నల్లగొండ జిల్లా, పని నల్లులు పట్టడం. ఆ ఏడాది మా చేతికొచ్చిన కాంట్రాక్టు నల్లాల జాబితా. నా జాతకంలో ఈ అక్షరాలు ఎవరో గట్టిగానే రాసి ఉంటారు.

ఎల్బీ నగర్ చుట్టుపక్కల అప్పుడు కాలనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఇల్లు ముందు, రోడ్డు తర్వాత, నీళ్లు దేవుడెరుగు. నీళ్ల ఆఫీసువాళ్లు మాకు రెండు కట్టలు పంపారు. ఒకటి, నల్లా కావాలని జనం పెట్టుకున్న దరఖాస్తులు. రెండోది, తనిఖీదారు వీధి వీధి తిరిగి రాసుకొచ్చిన ఇళ్ల వివరాలు. రెండింటిలోనూ ప్లాటు నంబరూ, ఇంటి నంబరూ కలిస్తే ఆ మనిషి పేరు జాబితాలోకి వస్తుంది. జాబితాలో ఉన్నవాళ్లకు పైపు కలుపుతారు. ఆ తర్వాత రోడ్డు వేస్తారు. రోడ్డు పడ్డాక తవ్వడానికి ఒప్పుకోరు, కనీసం కొన్నేళ్లపాటు. పేరు రాకపోతే బిందె తప్పదన్నమాట.

ఈ కలపడమంతా చేసేది మా రిలేషనల్ డేటాబేస్ ఇంజిను. అదేమిట్రా అని మా అమ్మ అడిగితే, సంబంధాలు కలిపే మెషీను అని చెప్పాను. "అయితే ముందు నీకొకటి చూడమనరాదు" అంది. మా అమ్మ అన్నది నవ్వులాటకే అయినా, ఇంజిను చేసేది నిజంగా అదే పని. అటు జాతకం, ఇటు జాతకం, పొంతన కుదిరితే పేరు రాయడం.

చిక్కు ఎక్కడంటే, కొత్త కాలనీల్లో చాలా ఇళ్లకు నంబర్లే లేవు. నంబరు ఇవ్వమని మునిసిపాలిటీకి వెళితే "నల్లా బిల్లు తెండి" అనేవారు. నల్లా ఇవ్వమని నీళ్ల ఆఫీసుకు వెళితే "ఇంటి నంబరేది?" అనేవారు. జనం ఈ రెండు ఆఫీసుల మధ్య షటిల్ కాక్‌లా తిరిగి తిరిగి, చివరికి దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదిలేసి ఇచ్చారు. తనిఖీదారు కూడా గోడ మీద నంబరు కనపడకపోతే ఖాళీగానే వదిలేశాడు.

మా ఆపరేటరమ్మ మొదటిరోజే అడిగింది: "నంబరు లేకుంటే ఏం కొట్టాలె సార్?"

"ఖాళీగా వదిలెయ్యమ్మా."

"ఖాళీ అంటే ఉత్తగనా?"

"ఉత్తగనే. అంతా ఖాళీ జాగాలే కదా, ఒక ఖాళీ గడితో ఏం పోతుంది?"

పోయేది ఏమిటో తర్వాత చెబుతాను. అప్పటికి మాత్రం ఏమీ పోలేదు. నమూనా జాబితాలు తీస్తే అందరి పేర్లూ చక్కగా వస్తున్నాయి.

మాకున్న బాధ వేరు. మా కాలనీల్లో సగం మంది నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లు. అక్కడి నుంచి వచ్చిన ప్రతి ఇంట్లో ఒక యాదగిరి ఉంటాడు. పేర్లు వరుసలో పెట్టమంటే మా ఇంజిను అకారం నుంచి హుషారుగా బయలుదేరి, యాదగిరి దగ్గరికి రాగానే ఆగిపోయేది. ఒకే పేరు మరీ ఎక్కువసార్లు వస్తే దానికి దిమ్మ తిరిగేది. "ఇంజిను గుట్ట ఎక్కుతలేదు సార్" అని ఆపరేటరమ్మ నవ్వేది. నీళ్ల ఆఫీసుకు జాబితా ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతోంది, ఇంజిను గుట్ట కిందే కూర్చుంది.

ఇంజిను తయారీ కంపెనీకి ఉత్తరం రాశాం. వాళ్ల దగ్గర్నుంచి ఒక టేపు, దానితోపాటు మూడు పేజీల కాగితం వచ్చాయి. ఏయే నల్లులను పట్టి చంపామో అందులో వరుసగా రాశారు. మొదటి పేజీలోనే మా యాదగిరి నల్లి ఉంది. నాకు పండగైపోయింది.

మేనేజరు గారు టేపును రెండు చేతులా అందుకుని, కుంకుమ బొట్టు పెట్టి, పంచాంగం తెరిచారు.

"శుక్రవారం పదిన్నర లోపు కానిచ్చెయ్యాలయ్యా. తర్వాత రాహుకాలం."

"మూడు పేజీలు చదవాలండీ. ఒక పూట పడుతుంది."

"మందు కొట్టేవాడు డబ్బా మీద ఉన్నదంతా చదువుతాడా? కొట్టెయ్."

శుక్రవారం తొమ్మిదిన్నరకు మొదటి పేజీ చదివాను, పదికి రెండోది. మూడో పేజీ మేనేజరు గారి చేతిలో ఉంది. ఆయన కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, వేలు పెట్టి ఒక చోట ఆగారు.

"ఏవయ్యా, ఇక్కడ మన నల్లాల గురించి కూడా ఏదో రాశారే?"

తొంగి చూశాను. ఇంగ్లీషులో నల్ అని ఉంది. ఈ మాట మీలో కంప్యూటర్ చదివినవాళ్లకు తెలుసు. గడిలో ఏమీ రాయలేదు అని చెప్పడానికి వాడే మాట. ఆ క్షణంలో నా పెదవుల మీదికి ఒక నవ్వు వచ్చింది. చదువుకున్నవాడు చదువుకోనివాణ్ని చూసి నవ్వే నవ్వు. ఆ నవ్వు ఫొటో ఉంటే పోస్టరు వేయించి దేశంలోని కంప్యూటర్ కోర్సులన్నిటికీ పంచేవాణ్ని, కింద "ఇలా నవ్వరాదు" అని రాసి.

"అది నల్లా కాదండీ, నల్. అంటే ఏమీ లేదని."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేనిదానికి పేజీ ఎందుకు తగలేశారో. సరే, పదీ ఇరవై అయింది, కొబ్బరికాయ కొట్టు."

కొట్టాను. ఇంకో ఘనకార్యం కూడా చేశాను. ఎందుకైనా మంచిదని మా వివరాలన్నీ వేరే టేపులో దాచాలి. ఖాళీ టేపు లేదు. పాత ఇంజిను ఉన్న టేపు బీరువాలో కనపడింది. కొత్త ఇంజిను వచ్చాక పాతదెందుకని దాని మీదే రాసేశాను. జాగ్రత్తపడ్డాననుకుంటూ, వెనక్కి వెళ్లే దారిని నా చేత్తోనే తవ్వి పూడ్చాను.

కొత్త ఇంజిను అద్భుతంగా పనిచేసింది. యాదగిరి గుట్టను ఒక్క ఊపులో ఎక్కి దిగింది. శనివారం జాబితా అచ్చయింది. కట్ట చేతిలోకి తీసుకుంటే ఎందుకో పల్చగా అనిపించింది. ఆపరేటరమ్మ అననే అంది.

"కాయితం తక్కువ కనవడ్తుంది సార్."

"కొత్త ఇంజిను కదమ్మా, పొదుపు."

ఈ మాట నేను నిజంగానే అన్నాను. మేనేజరు గారు ఆ పొదుపుకు సంతోషించి జిలేబీ తెప్పించారు. నేనూ రెండు తిన్నాను.

సోమవారం జాబితా కాలనీల్లో అతికించారు. మంగళవారం ఉదయం మా మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒకావిడ నేరుగా నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. కొంగు నడుముకు బిగించి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పెట్టిన రసీదు.

"నల్లాల లిస్టు కొట్టింది నువ్వేనా సారూ?"

నేనే అన్నాను, ఇంకా జిలేబీ గర్వంతోనే.

"గట్లయితే నా నల్లా ఏడ పెట్టినవో చెప్పు."

ఆమెది మా జిల్లాయే. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే. ఆమె ఒక్కతే మేస్త్రీలతో కొట్లాడి మన్సూరాబాద్ చివరి గల్లీలో రెండు గదులు వేయించింది. దరఖాస్తు ఇచ్చిన మొదటి మనిషి ఆమే. రసీదు మీద నంబరు ఒకటి. ఆ ఒకటిని నా బల్ల మీద పెట్టి, పక్కన వేలు ఆనించి చూపించింది.

"చూడు, ఒకటి. ఇది రాసిచ్చినోడు అన్నడు, అమ్మా నీదే ముందుగాల అని. నా ఎనక ఇచ్చినాయనకు వచ్చింది. నాకు రాలే."

"చూస్తానమ్మా."

"జర జల్ది చూడు. రోజూ తెల్లారకముందే ఎనక కాలనీల బోరుకాడికి పోతున్న. రెండు బిందెలంటే రెండే పట్టుకోనిస్తరు. గా బోరాయన గూడ ఇల్లమ్మి పోతుండు. కొన్నాయన గేటుకు తాళమేస్తనన్నడు. గురువారం దాటితే లిస్టు ఖతమట. అటెంక రోడ్డేస్తరట." కాస్త ఆగి అంది: "నల్లగొండల నీళ్లకేడ్చినం. ఈడికొచ్చి నల్లాకేడుస్తున్నం. ఏడుపుకు గూడ ఏమన్న నంబరుంటదా సారూ?"

నీళ్ల ఆఫీసుకు ఫోను చేశాను. అక్కడి అధికారి ఎంతో మర్యాదగా ఉన్నారు. "జాబితా చాలా బాగుందండీ, చిన్నగా ముచ్చటగా ఉంది" అన్నారు. పేర్లు తప్పిపోయాయంటే, "గురువారం సాయంత్రం ఐదింటి లోపు సరిచేసింది తెస్తే తీసుకుంటాను. ఐదు దాటితే ఇదే ఖాయం" అన్నారు.

ఇక మొదలైంది నా వేట. దరఖాస్తుల్లో చూశాను, ఆమె పేరుంది. తనిఖీ వివరాల్లో చూశాను, ఆమె ప్లాటుంది. రెండింటినీ కలపమంటే లేదు. ఒక్క ఆమెదే కాదు, వందలాది పేర్లు అంతే. పెళ్లికొడుకున్నాడు, పెళ్లికూతురుంది, పెళ్లి మాత్రం లేదు. తీగలు పీకి పెట్టాను. మెషీను ఆపి మళ్లీ పెట్టాను. ఆ వైద్యం ఇప్పటికీ నడుస్తోందని విన్నాను. ఆపరేటరమ్మ అచ్చుతప్పుల కోసం దరఖాస్తులు ఒక్కొక్కటీ తిప్పింది. ఒక్క తప్పూ లేదు. తప్పు లేకపోవడం అంత భయంకరంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

బుధవారం కంపెనీ ఇంజనీరు ఫోనులో దొరికాడు.

"యాదగిరి దగ్గర ఆగుతోందా?"

"లేదండీ, ఎక్కుతోంది."

"అయితే సమస్యేమిటి?"

"పేర్లు రావడం లేదు."

"వచ్చిన పేర్లు వరుసలో ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరింకేం! ఇంజిను బాగుంది. మీరే ఏదో చేసి ఉంటారు." పెట్టేశాడు. ఆయన అన్నదాంట్లో చివరి ముక్క అక్షరాలా నిజమని మర్నాడు తెలిసింది.

పాత ఇంజినుకు తిరిగి వెళ్దామా అన్నారు మేనేజరు గారు. పాత టేపును నేనేం చేశానో చెప్పాను. ఆయన కోప్పడలేదు. పంచాంగం తీసి నా జన్మ నక్షత్రం అడిగారు. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

గురువారం పదకొండు గంటలకు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పేరు చూసినంకనే లేస్త. అంతదాక ఈడనే." తర్వాత గొంతు తగ్గించి అంది: "సారూ, ఓ ముచ్చట చెప్త. నవ్వొద్దు."

నవ్వే ఓపిక నాకు లేదని చెప్పాను.

"నిన్న మా గల్లీ అంత తిరిగిన. ఇరవై రెండు ఇండ్లు. మూడిండ్లకే వచ్చినయి. ఎవలకు వచ్చినయని చూస్తే, మా ఎదురింటాయనకు వచ్చింది, ఆయన పక్కింటికి వచ్చింది, మూలమీది ఇంటికి వచ్చింది. గీ మూడిండ్ల తలుపుల మీద మలేరియోళ్లు సుద్దతోని నంబర్లు రాసి పోయిన్రు."

"మలేరియావాళ్లా?"

"దోమల మందు కొట్టెటోళ్లు. కొట్టినట్టు గురుతుకు రాస్తరు కదా. మా ఎదురింటాయన గదే తన ఇంటి నంబరనుకుని కాయితంల రాసిండు. తనిఖీకొచ్చిన సారు గూడ తలుపు చూసి గదే రాసుకపోయిండు. మా అందరి తలుపులకు గూడ రాసిన్రు గని, మేం తుడిచినం. నేనైతే తడిబట్ట పెట్టి సాఫ్ చేసిన." తలుపు తుడుస్తున్నట్టు చెయ్యి గాలిలో ఆడించింది. "తలుపు సాఫ్ పెట్టుకున్నందుకు నా నల్లా సాఫయింది. నంబరున్నోళ్లే వచ్చిన్రు సారూ, లేనోళ్లు రాలే. దోమల నంబరైనా సరే, ఉంటే చాలు."

నేను రెండు రోజులు తీగలు పీకిన చోట, ఆమె ఒక్క సాయంత్రం గల్లీ నడిచి నల్లిని పట్టేసింది.

"మూడో పేజీ" అన్నాను.

మేనేజరు గారు పంచాంగం తెరిచారు. మూడో పేజీ అందులోనే ఉంది. శుక్రవారం నాటి తిథి దగ్గర గుర్తుకు పెట్టుకున్నారు. చదివాను. దాని సారం ఇది: ఖాళీ గడిని ఇంకో ఖాళీ గడితో పోల్చినప్పుడు రెండూ ఒకటేనని మా ఇంజిను ఇదివరకు పొరపాటుగా చెప్పేది, ఆ లోపాన్ని ఇప్పుడు సరిదిద్దాం.

ఆపరేటరమ్మకు వివరించబోయాను. ఆమె నాకే వివరించింది. "కరెక్టే కద సార్. ఇద్దరు మనుషుల ఇంటిపేర్లు మనకు తెల్వకుంటే, ఇద్దరిదీ ఒక్కటే ఇంటిపేరంటమా?"

అనం. అనకూడదు. కొత్త ఇంజిను చేసిందే ఒప్పు. పాత ఇంజిను తెలివితక్కువది. ఏమీ లేని ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, మీరిద్దరూ ఒకటేనర్రా, పదండి, నీళ్లు తాగండి అంది. ఆ తెలివితక్కువతనం పుణ్యాన రెండు ఆఫీసుల షటిల్ ఆటలోంచి నమూనా జాబితాల్లోనైనా జనం తప్పించుకున్నారు. ఆ నల్లిని మేం బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ చంపాం. నల్లి పోయింది, నల్లా పోయింది.

మేనేజరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇరవై ఏళ్ల ఎరువుల వ్యాపారంలో కూడా ఆయనకు అంత ఆనందం దొరికి ఉండదు.

"నేను చెప్పానా లేదా? నల్లా గురించేనని! చెప్పానా లేదా?"

"చెప్పారండీ."

"నువ్వేవన్నావ్?"

"ఏమీ లేదన్నానండీ."

"ఊఁ" అన్నారు. ఆ ఒక్క "ఊఁ" నా ఉద్యోగం చివరిదాకా నాతో ప్రయాణం చేసింది.

ఇప్పుడేం చెయ్యాలి? ఖాళీ గడుల్లో ఏదో ఒకటి నింపాలి. రెండు వైపులా ఒకే మాట. అప్పుడది ఖాళీ కాదు, కాబట్టి కలుస్తుంది. కానీ నంబరు లేనివాళ్లకు నేనే నంబరు కల్పిస్తే దొంగతనమవుతుంది. "నిల్ అని కొట్టుదాం సార్" అంది ఆపరేటరమ్మ. "లేదు అన్నట్టు రాసినట్టుంటది, అబద్ధం గూడ కాదు." అది అధికారి ఒప్పుకుంటారా? ఫోను చేశాను.

"ఇంటి నంబరు గడి ఖాళీగా ఉండకూడదని మా రూలండీ" అన్నారాయన.

"నిల్ అని ఉంటే?"

అవతల కాసేపు కాగితాలు తిరిగిన చప్పుడు. "ఖాళీగా ఉండకూడదని ఉంది గానీ, ఏముండాలో లేదు. నిల్ అని ఉందంటే ఏదో ఉన్నట్టే కదా!"

ఆయనకు ఆ క్షణాన సాష్టాంగపడేవాణ్ని, ఫోను తీగ పొడవు సరిపోలేదు.

గడియారం చూస్తే ఒకటీ ముప్పావు. గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. ముగ్గురం మేనేజరు గారి వైపు చూశాం. అచ్చుకు రెండు గంటలు, ఎల్బీ నగర్ చేరడానికి అరగంట, ఆగితే కుదరదు. ఆయన పంచాంగం వైపు చూశారు, ఆమె బల్ల మీద పెట్టిన రసీదు వైపు చూశారు. పంచాంగం మూసి చంకలో పెట్టుకున్నారు.

"నేను కిందికెళ్లి టీ తాగొస్తాను. మూడింటిదాకా తాగుతాను. నేను చూడనిది ఇక్కడేం జరిగినా జరిగినట్టు కాదు."

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక రెండు వరుసల ఆజ్ఞ టైపు చేశాను. ఈసారి కొట్టే ముందు మూడుసార్లు చదివాను. ఇంజిను కదిలింది. పేర్లు కలుస్తున్నాయి, లెక్క పెరుగుతోంది. ప్రింటరు కుయ్యో మొర్రో అంటూ మొదలెట్టింది. ఆమె కుర్చీలోంచి లేవలేదు. కాగితం కిందికి మడతలు పడుతుంటే కళ్లు దానితోపాటు కదుపుతోంది.

"చదవనీకొస్తదా అక్కా?" అని అడిగింది ఆపరేటరమ్మ.

"ఇంగ్లీషు రాదు బిడ్డా. ఒకటైతే తెలుస్తది."

మకారం దగ్గర, రసీదు నంబర్ల వరుసలో, ఒక ఒంటరి ఒకటి వచ్చింది. ఆమె వేలు మా కంటే ముందు దాని మీద పడింది. సిరా ఇంకా ఆరలేదు, వేలికి అంటుకుంది. ఆమె ఆ వేలు కొంగుకు తుడుచుకోలేదు.

ఎల్బీ నగర్‌కు ఆటోలో ముగ్గురం వెళ్లాం. జాబితా కట్ట నా ఒళ్లో పెట్టుకోబోతే ఆమె లాక్కుంది. "నువ్వు ఒక్కపారి పోగొట్టినవ్. ఈసారి నేను పట్టుకుంట." నాలుగూ ముప్ఫై అయిదుకు అధికారి కట్ట తిరగేశారు.

"ఇన్ని నిల్లులా?"

"అన్నీ ఇల్లులేనండీ" అన్నాను. నోరు జారింది. నా మాటల జబ్బుకు ఎప్పుడూ వేళాపాళా ఉండదు. ఆయన నవ్వకుండా సంతకం పెట్టారు. అంతే చాలు.

ఆ తర్వాత నేను సాధించిన పెద్ద పదోన్నతులేమీ లేవు. కంపెనీకి ఉత్తరం రాశాను, ఇలాంటి వాక్యాలు మొదటి పేజీలో వెయ్యండి అని. వాళ్లు ధన్యవాదాలు చెప్పారు. తర్వాతి టేపుతో నాలుగు పేజీలు వచ్చాయి, ఆ ముక్క నాలుగో పేజీలో ఉంది. అప్పట్నుంచి ఏ సవరణ వచ్చినా చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చదవడం అలవాటైంది. ఉర్దూ పుస్తకం చదువుతున్నావా అని మేనేజరు గారు వేళాకోళం చేసేవారు. పల్చటి కాగితం కట్ట చేతికొస్తే ఇప్పటికీ నాకు జిలేబీ సహించదు.

రిటైరయ్యాక ఒకసారి నాగోల్ వెళ్లి వస్తూ మన్సూరాబాద్ వైపు తిరిగాను. గల్లీ గుర్తుపట్టలేకపోయాను. రెండు గదులున్న చోటల్లా మూడు అంతస్తులు లేచాయి. మూల మీద కిరాణా కొట్టతన్ని నల్లాల సంగతి కదిపి అడిగితే, "నిల్లు గల్లీయా? సీదా పోండ్రి" అన్నాడు.

ఆమె గేటు దగ్గరే కనపడింది. జుట్టు నెరిసింది, కొంగు మాత్రం అలాగే బిగించి ఉంది. నన్ను గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. పట్టాక, ముందు గేటు పక్కన గోడ మీది నల్లరాతి పలకను చూపించింది. నల్లా బిల్లు మీద మేం కొట్టిన నిల్ అచ్చయి వచ్చిందట. ఆ బిల్లు పట్టుకుని మునిసిపాలిటీకి వెళితే, గుమాస్తా బిల్లులో ఉన్నది ఉన్నట్టు దింపుకున్నాడట. ఆ తర్వాత అసలు నంబర్లు వచ్చాయి, రెండుసార్లు మారాయి కూడా. అయినా పోస్టుమాన్‌కు గుర్తు నిల్లే. పలక మీద తెలుగులో చెక్కించింది: ఇంటి నంబరు నిల్ - 1.

"ఆ ఒకటేమిటమ్మా?"

"గది నా రసీదు నంబరు. అందరం నిల్లే గని, ముందుగాల ఇచ్చింది నేనే కద!"

నిల్ అంటే ఇంగ్లీషులో ఏమీ లేదని. తెలుగులో నిలు అంటే కదలకుండా నిలబడమని. ముప్ఫై ఏళ్లు డేటాబేసుల్లో ఖాళీలు నింపిన నాకు ఈ రెండో అర్థం ఆ పలక ముందు నిలబడేదాకా తట్టలేదు. ఈ మాట ఆమెకు చెబుదామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే లోపలికి నడిచింది. నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఎండల వచ్చినవ్. నిల్లు ఇంట్ల నీళ్లు తాగి పో సారూ."

స్టీలు గ్లాసు నిండా ఉంది. తాగాను, చివరి చుక్క దాకా.